వాము అడుగు బూజు: నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు డైరీ

నవంబరు 16

టాపిక్ ఖాయమైంది. మొక్కల కణ గోడని విరగ్గొట్టే ఎంజైములు ఇచ్చే సూక్ష్మజీవులని వెతికి పట్టుకోవాలి. "శాంపిల్స్ ఎక్కణ్ణుంచి తెస్తావమ్మా?" అని గైడ్ మేడమ్ అడిగితే మా ఇంటి నుంచే అన్నాను. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద వరి. కావలసిన సరుకంతా మా దొడ్లోనే ఉంది.

వానాకాలం కోతలు అయిపోవచ్చాయి. పక్క పొలం వాళ్లు హార్వెస్టర్ పెట్టించి, మిగిలిన కొయ్యకాళ్లకి నిన్న రాత్రే నిప్పు పెట్టారు. పొద్దున లేచేసరికి ఊరంతా పొగ వాసన. మేం మాత్రం బర్రెల కోసం ఒక ఎకరం చేత్తో కోయించి గడ్డివాము వేస్తాం. కొత్త వాము పక్కనే పాతదాని అడుగు ఇంకా మిగిలి ఉంది. దాన్ని చేతికర్రతో కెలుకుతుంటే నానమ్మ వచ్చింది.

"అడుగుది ఎందుకు బిడ్డా? మాగిపోయింది. బర్రెలు గూడ మూతి పెట్టవు."

బర్రెలు మూతి పెట్టనిదే నాకు కావాలి అన్నాను. చదువు ముదిరితే ఇంతే అన్నట్టు చూసి వెళ్లిపోయింది.

మొత్తం ఐదు చోట్ల తీశాను. వాము అడుగు నల్లబడ్డ గడ్డి, పేడకుప్ప లోపలి పొర, మామిడి చెట్టు దగ్గర చెదపుట్ట మట్టి, రైస్ మిల్లు వెనక పాత ఊక కుప్ప కింది మట్టి, కాల్చని మడిలో కొయ్యకాళ్ల మొదళ్లు. అన్నీ జిప్ కవర్లలో పెట్టి, ఊరు, లోతు, తేదీ రాసి, ఐస్ డబ్బాలో సర్దాను. బస్సులో పక్కన కూర్చున్నామె "చేపలా?" అని అడిగింది.

నవంబరు 17

రిపోర్టు మొదటి పేజీకి పనికొస్తుందని ఇది ఇప్పుడే రాసి పెట్టుకుంటున్నాను.

బియ్యంలో ఉండే పిండిపదార్థమూ గ్లూకోజే, గడ్డిలో ఉండే సెల్యులోజూ గ్లూకోజే. ముడి వేసిన తీరే వేరు. ఆ చిన్న తేడా వల్ల అన్నం మన నోట్లోనే తీపెక్కుతుంది, గడ్డిని బర్రె కూడా సొంతంగా అరిగించుకోలేదు. దాని పొట్టలో ఉన్న సూక్ష్మజీవులు చేసి పెట్టాల్సిందే. సెల్యులోజ్ గొలుసులు పక్కపక్కన చేరి, తాడు పేనినట్టు బిగుసుకుని, నీరు కూడా దూరనంత గట్టిగా ఉంటాయి. ఎంజైము సాయం లేకుండా మామూలు నీళ్లలో వదిలేస్తే, ఆ ముడుల్లో సగం తెగడానికి 50 లక్షల ఏళ్లు పడుతుందని లెక్క కట్టారు. బూజు అదే పని ఒక్క వానాకాలంలో చేస్తోంది.

తాళ్ల మధ్య హెమీసెల్యులోజ్ అనే ఇంకో రకం చక్కెరల గొలుసు, ఆ సందుల్లో సిమెంటులా లిగ్నిన్. వరిగడ్డిలో దాదాపు మూడో వంతు సెల్యులోజ్, పావు వంతు అటూ ఇటూగా హెమీసెల్యులోజ్. ఇవి చాలవన్నట్టు సిలికా. కోతకి వెళ్లిన రోజు చేతులు గీరుకుపోయేది దానివల్లే. గోధుమ గడ్డిలో కంటే వరిగడ్డిలో ఇది బాగా ఎక్కువ.

ఈ గోడని ఒక్క ఎంజైము కూల్చలేదు. సెల్యులోజ్‌కే కనీసం మూడు కావాలి. ఎండోగ్లూకనేజ్ గొలుసుని మధ్యలో ఎక్కడ పడితే అక్కడ తెంపుతుంది. సెల్లోబయోహైడ్రొలేజ్ తెగిన కొస పట్టుకుని, రెండేసి గ్లూకోజుల ముక్కలుగా తీసుకుంటూ పోతుంది. ఆ జంట ముక్క పేరు సెల్లోబయోజ్. దాన్ని బీటా గ్లూకోసిడేజ్ రెండు గ్లూకోజులుగా విడదీస్తుంది. హెమీసెల్యులోజ్‌కి జైలనేజ్, దాని తోబుట్టువులు వేరే ఉన్నాయి.

నవంబరు 25

మీడియం, అంటే సూక్ష్మజీవులకి వేసే మేత, చేయడంతోనే మొదటి దెబ్బ. సీఎంసీ, అంటే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, నీళ్లలో కరిగేలా మార్చిన సెల్యులోజ్ పొడి. ఐస్‌క్రీముకీ టూత్‌పేస్టుకీ చిక్కదనం వచ్చేది దీనివల్లే. మొత్తం పొడి ఒక్కసారిగా నీళ్లలో గుమ్మరించాను. ఉండలు కట్టి, పైన జిగురు, లోపల పొడి. రెండోసారి అమ్మ ఉప్మాలో రవ్వ పోసినట్టు, వేడి నీళ్లని కలుపుతూ సన్నగా జల్లితే కుదిరింది. ప్రోటోకాల్‌లో "కరిగించుము" అని ఒక్క మాటతో తేల్చేస్తారు.

శాంపిల్ ఒక గ్రాము, స్టెరైల్ నీళ్లలో పదేసి రెట్లు పలచన చేస్తూ పది లక్షల వంతు దాకా వెళ్లాను. బ్యాక్టీరియా ప్లేట్లు 37 డిగ్రీల్లో, బూజుల ప్లేట్లు 28 లో. బూజుల వాటిలో బ్యాక్టీరియా రాకుండా క్లోరాంఫెనికాల్, బూజు మరీ పరుచుకోకుండా రోజ్ బెంగాల్ రంగు కలిపాను.

మూడో రోజుకే పేడకుప్ప ప్లేట్లన్నీ దూది పరుపుల్లా అయిపోయాయి. వాటిని పారేసి మళ్లీ వేశాను. చివరికి ఏరి, గీసి, శుద్ధి చేసి దక్కించుకున్నవి 14 బ్యాక్టీరియా, 9 బూజులు. బీ1 నుంచి బీ14, ఎఫ్1 నుంచి ఎఫ్9. వాము అడుగు నుంచి వచ్చిన ఎఫ్3 ముందు తెల్లగా పాకి, నాలుగో రోజుకి మధ్యలోంచి ఆకుపచ్చగా తిరిగింది. మూత తీస్తే పచ్చి కొబ్బరి వాసన లాంటిది. మూత తీసి వాసన చూసినందుకు మేడమ్ చేత చీవాట్లు తిన్నాను. సరైన మందలింపే. పేరు తెలియని బూజుని ఎప్పుడూ ముక్కు దగ్గరికి తీసుకెళ్లకూడదు.

డిసెంబరు 1

కాంగో రెడ్ రోజు. ఫోన్లో అరవై ఫొటోలు ఉన్నాయి.

ప్లేటు మీద కాలనీ పెరిగాక 0.1 శాతం కాంగో రెడ్ పోసి పావుగంట ఉంచుతాం. తర్వాత ఒక మోలార్ ఉప్పునీటితో కడుగుతాం. ఈ రంగు పొడవైన సెల్యులోజ్ గొలుసుల్ని పట్టుకుంటుంది. గొలుసులు తెగిపోయిన చోట పట్టుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి కాలనీ చుట్టూ లేత పసుపు వలయం తేలుతుంది. 1982 లో టీథర్, వుడ్ అనే ఇద్దరు ఆవు పొట్టలోని బ్యాక్టీరియా కోసం వాడిన పద్ధతి ఇది. నలభై ఏళ్లు దాటినా ప్రతి కాలేజీ ప్రాజెక్టూ దీంతోనే మొదలవుతుంది, ఎందుకంటే చవక, పైగా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

ఊక కుప్ప మట్టి నుంచి వచ్చిన బీ7 అదరగొట్టింది. చిన్న కాలనీ, చుట్టూ చందమామకి గుడి కట్టినంత వలయం. వలయం వ్యాసాన్ని కాలనీ వ్యాసంతో భాగిస్తే 4.2. మా బ్యాచ్‌లో ఎవరికీ రాలేదు. వాట్సాప్ స్టేటస్ పెట్టేశాను.

ఎఫ్3 కి 1.1. దాదాపు ఏమీ లేనట్టే. దాన్ని పక్కన పెట్టేద్దామనుకున్నాను.

ఇంకో నిర్వాకం కూడా ఉంది. కాంగో రెడ్ పోసిన ప్లేటులోంచి మళ్లీ శుభ్రమైన కల్చర్ తీయడం కష్టం. అందుకే ముందే కాపీ ప్లేటు వేసి పెట్టుకోవాలి. ఇది తెలుసు, పరీక్షలో రాశాను కూడా. అయినా బీ11, ఎఫ్6 లకి కాపీ వేయడం మరిచిపోయి ఉన్న ఒక్క ప్లేటు మీదా రంగు గుమ్మరించాను. రెండూ పోయాయి. ఇకనుంచి రిపోర్టులో 21 అనే రాయాలి.

డిసెంబరు 6

వలయం కళ్లకి, లెక్కకి డీఎన్ఎస్ అనే రసాయనం. మిల్లర్ 1959 పద్ధతి. తెగిన చక్కెరల కొసలతో ఈ రసాయనం కలిసి మరిగితే పసుపు కాస్తా నారింజ, ఇటుక రంగుల్లోకి వెళ్తుంది. 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. మరిగించేది సరిగ్గా ఐదు నిమిషాలు. మా ల్యాబు వాటర్ బాత్ 100 డిగ్రీలకి చేరదు, 92 దగ్గర ఆగిపోతుంది. అటెండర్ అన్న తన టీ గిన్నె పక్కన పెట్టి ఇండక్షన్ స్టవ్ ఇచ్చాడు. "దీనిమీద మళ్ల చాయ్ పెట్టొచ్చా అమ్మా?" అని అడిగాడు. గిన్నె వేరు, స్టవ్ అదే, పెట్టుకోవచ్చన్నా. అయినా సాయంత్రం చాయ్ క్యాంటీన్ నుంచే వచ్చింది.

గ్లూకోజ్ గ్రాఫు గీత బాగానే వచ్చింది. అసలు రీడింగుల్లోనే తంటా. కల్చర్ ద్రవంలో వరిగడ్డి పొడి వేసి పెంచానుగా, ఎంజైము పనిచేయకముందే దాంట్లో చక్కెరలు తేలుతున్నాయి. ఎంజైము బ్లాంక్ (ఎంజైము ద్రవం ఒక్కటే), సబ్‌స్ట్రేట్ బ్లాంక్ (ఎంజైము తినాల్సిన సరుకు ఒక్కటే) విడివిడిగా పెట్టి, వాటి రీడింగులు తీసేయకపోతే అంకెలన్నీ పొంగిపోతాయి. నా మొదటి రెండు రోజుల అంకెలు అలాంటివే. బ్లాంకులు తీసేశాక నాలుగు కల్చర్ల "యాక్టివిటీ" సున్నా అయి కూర్చుంది. సీనియర్ల పాత రిపోర్టులు తిరగేస్తే కొన్నింట్లో బ్లాంక్ ప్రస్తావనే లేదు. ఆ పెద్ద పెద్ద అంకెలు ఎలా వచ్చాయో ఇప్పుడు అర్థమవుతోంది.

లెక్క మరిచిపోకుండా ఇక్కడ రాసుకుంటాను. 0.5 మి.లీ. ఎంజైము ద్రవం, 30 నిమిషాల్లో 0.54 మి.గ్రా. గ్లూకోజ్ విడుదల చేస్తే, 540 మైక్రోగ్రాముల్ని గ్లూకోజ్ అణుభారం 180 తో భాగించి 3 మైక్రోమోల్స్. దాన్ని 30 తో, మళ్లీ 0.5 తో భాగిస్తే మి.లీ.కి 0.2 యూనిట్లు. నిమిషానికి ఒక మైక్రోమోల్ విడుదల చేస్తే ఒక యూనిట్.

డిసెంబరు 14

మూడు రోజులు దండగ. ఎవర్ని తిట్టాలో కూడా లేదు, చేసింది నేనే.

ఫ్లాస్కుల్లో బూజులు నీరసంగా పెరుగుతున్నాయని జాలిపడి ఒక్కోదానికి 1 శాతం గ్లూకోజ్ కలిపాను. పెరుగుదల మాత్రం చూడాలి, ఫ్లాస్కు నిండా చాపలా కట్టింది. ఎంజైము కొలిస్తే మునుపటికంటే తక్కువ. మేడమ్ ఫ్లాస్కు చూసి నవ్వారు. "ఇంట్లో బిర్యానీ పెట్టి, పొలం వెళ్లి గడ్డి పీకమంటే ఎవరు వెళ్తారమ్మా?"

సూక్ష్మజీవికి సెల్యులేజ్ తయారు చేయడం ఖర్చుతో కూడిన పని. సిద్ధంగా గ్లూకోజ్ దొరికితే ఆ జన్యువుల్ని మూసేస్తుంది. ట్రైకోడెర్మాలో ఈ మూసివేత పని చూసే ప్రోటీన్‌కి సీఆర్ఈ1 అని పేరు. అమెరికాలో రట్గర్స్ యూనివర్సిటీ వాళ్లు తయారు చేసిన ఆర్‌యూటీ-సీ30 అనే ప్రసిద్ధ రకం ఎక్కువ ఎంజైము ఇవ్వడానికి ఒక కారణం, దాంట్లో ఈ ప్రోటీన్ జన్యువు తెగిపోయి ఉండడమే. ఇదంతా క్లాసులో చదివిందే. చదివింది చేతికి అందడానికి మూడు రోజులూ ఆరు ఫ్లాస్కులూ ఖర్చయ్యాయి.

మళ్లీ మొదలు. ఈసారి మాండెల్స్ లవణాల మీడియం, చక్కెర సున్నా, గడ్డి పొడి 2 శాతం.

డిసెంబరు 28

ప్రాజెక్టు తిరగబడింది ఇవాళే.

రెండు వారాల కింద మేడమ్ ఒక పాతకాలపు పరీక్ష పెట్టమన్నారు. టెస్టు ట్యూబులో లవణాల ద్రవం, దాంట్లో సగం మునిగేలా వాట్‌మన్ నంబర్ 1 ఫిల్టర్ పేపరు ముక్క, అంతే. కార్బన్ అంటే ఆ కాగితం ఒక్కటే. తింటే బతుకుతుంది, లేకపోతే లేదు. "వలయాలు తర్వాత చూద్దాం, ముందు కాగితం తిననీ" అన్నారు. నాకు కొంచెం రోషం వచ్చింది, బీ7 ని అనుమానించినట్టు.

పద్నాలుగు రోజుల తర్వాత బీ7 ట్యూబు. కాగితం ఎలా పెట్టానో అలాగే నిలబడి ఉంది, ఇస్త్రీ చేసినట్టు. ద్రవం కూడా మబ్బుగా లేదు.

ఎఫ్3 ట్యూబుని స్టాండులోంచి తీసి కొంచెం కదిపానో లేదో, కాగితం నీటి గీత దగ్గర తెగి, అడుగుకి జారి గుజ్జయిపోయింది.

హాస్టల్‌కి వెళ్లకుండా ల్యాబు మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నాను. స్టేటస్ పెట్టిన వలయం అబద్ధమా? అబద్ధం కాదు. నేను అడిగిన ప్రశ్నే వేరు. సీఎంసీ అనేది నీళ్లలో కరిగి, గొలుసులు విడివిడిగా తేలే సెల్యులోజ్. దాన్ని తెంపడానికి ఎండోగ్లూకనేజ్ ఒక్కటి చాలు. బీ7 దగ్గర అది దండిగా ఉంది. చాలా బాసిల్లస్ రకాలకి ఉంటుంది. బిగుసుకుపోయిన అసలు సెల్యులోజ్ ముందు మాత్రం అది కత్తి ఉండి నిచ్చెన లేనివాడిలాంటిది. కొసపట్టి లాగే సెల్లోబయోహైడ్రొలేజ్ లేకపోతే పని జరగదు.

మరి ఎఫ్3 కి వలయం ఎందుకు రాలేదు? వచ్చింది. బూజు అంత వేగంగా పాకి తన వలయాన్ని తానే కప్పేసుకుంది. వ్యాసాన్ని వ్యాసంతో భాగిస్తే 1.1 రాక ఇంకేం వస్తుంది? మెల్లగా పెరిగేవాటికి ఎక్కువ మార్కులు, చురుకైనవాటికి తక్కువ మార్కులు వేసే కొలబద్దతో 21 మందికి ర్యాంకులు ఇచ్చాను.

ద్రవంలో కొలిస్తే కథ స్పష్టమైంది. సీఎంసీ మీద బీ7 కి మి.లీ.కి 0.9 యూనిట్లు, ఎఫ్3 కి 5 పైచిలుకు.

డిసెంబరు 30

ఎఫ్3 ని స్లైడు మీద పెట్టి కాటన్ బ్లూ వేసి చూశాం. పిరమిడ్‌లా కొమ్మలు, కొమ్మ కొసల్లో కూజాల్లాంటి కణాలు, వాటి మూతిమీద ఆకుపచ్చ విత్తుల గుత్తులు. ట్రైకోడెర్మా అని మేడమ్ ఒక్క చూపులో చెప్పేశారు.

రాత్రి ఫోన్లో చెబితే నాన్న, "ట్రైకోడెర్మా విరిడి గదా? మనం మిర్చికి వేరుకుళ్లు రాకుండ పేడ ఎరువుల కలిపి చల్లినమే" అన్నాడు. నెలన్నర తిప్పలు పడి నేను కనిపెట్టినదాన్ని మా నాన్న కిలోల లెక్కన కొనుక్కొచ్చేవాడు. అది ఈ జాతికి బంధువే. వేరే బూజుల గోడలు తినే గుణం వల్ల వాటికి మందుగా పనికొస్తుంది.

ఈ కుటుంబం చరిత్ర కూడా చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ పసిఫిక్‌లోని సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు, బట్టలు అదే పనిగా చివికిపోయేవి. కారణం వెతికితే దొరికిన బూజుల్లో క్యూఎం6ఏ అని నంబరు వేసిన రకం ఒకటి. సైన్యం బట్టలు కాపాడాలని మొదలుపెట్టిన ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ వంటివాళ్లు, చివికించే ఆ శక్తినే పనికి పెట్టొచ్చని చూపించారు. నేను వాడే మీడియం పేరులో ఉన్న మాండెల్స్ ఆవిడే. తర్వాత ఆ బూజుకి రీస్ పేరు మీదే ట్రైకోడెర్మా రీసై అని పెట్టారు. జీన్సు ప్యాంటు మెత్తబరచడం నుంచి గడ్డి ఇథనాల్ దాకా ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న రీసై రకాలు దాదాపు అన్నీ ఆ ఒక్క గుడారం బూజు వారసులే. 2008 లో దాని జన్యుక్రమం చదివితే సెల్యులేజ్ జన్యువులు అనుకున్నదానికంటే తక్కువ ఉండడం చూసి ఆశ్చర్యపోయారట. ఆయుధాలు తక్కువే, తయారీ మాత్రం కుప్పలు తెప్పలు.

ఇంకొకటి. 2011 లో టోక్యోలో ఇగరాషి బృందం ఈ బూజు ఎంజైము సెల్యులోజ్ మీద నడుస్తుంటే అతివేగ మైక్రోస్కోపుతో వీడియో తీసింది. ఒకదాని వెనక ఒకటి వరసగా వెళ్తూ, ముందుది ఎక్కడో ఇరుక్కుంటే వెనకవన్నీ ఆగిపోతాయి. అచ్చం ట్రాఫిక్ జామ్. పదిసార్లు చూశాను.

జనవరి 17

పండక్కి ఇంటికి వెళ్లి వచ్చేసరికి ఫ్రిజ్‌లో నీళ్లు. మూడు రోజుల సెలవుల్లో కరెంటు ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. కల్చర్ స్లాంట్లు, అంటే ట్యూబుల్లో వాలుగా పోసిన మీడియం మీద దాచినవి, బతికాయి. దాచిన ఎంజైము ద్రవం మాత్రం చెడు వాసన కొట్టింది. మళ్లీ పెంచాలి. ఇంకేం రాయను.

జనవరి 29

కాగితం తినడం ఒకటి, గడ్డి తినడం ఇంకొకటి. ఫిల్టర్ పేపరులో లిగ్నిన్ లేదు, సిలికా లేదు. పొడి చేసిన వరిగడ్డిని నేరుగా ఎఫ్3 ద్రవంలో 50 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే వచ్చిన చక్కెర చూసి ఏడుపొచ్చింది.

అందుకని కాస్టిక్ సోడా. 20 గ్రాముల గడ్డి, 2 శాతం సోడా ద్రవం, ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్ లాంటి ల్యాబు యంత్రం) అరగంట. మూత తీస్తే డికాషన్ లాంటి నల్లటి నీళ్లు. లిగ్నిన్, సిలికా చాలావరకు అందులోకి దిగిపోతాయి. మిగిలిన గడ్డి మెత్తటి పసుపు పీచు. అసలు పని ఆ తర్వాతే. సోడా పోయేదాకా, లిట్మస్ మారేదాకా కడుగుతూనే ఉండాలి. రెండు బకెట్ల నీళ్లు అయ్యాయి. ల్యాబులో రెండు బకెట్లు సరే, ఫ్యాక్టరీలో ఆ నల్ల నీళ్లు ఎక్కడ పోస్తారు? ఈ ప్రశ్నని పేపర్లన్నీ ఒక వాక్యంలో దాటేస్తున్నాయి. మన దేశంలో పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్లు 2022 లో మొదలుపెట్టిన ఇథనాల్ ప్లాంటు ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి కోసం కట్టింది. అంత గడ్డిని ముందు మెత్తబరచాలి కదా, నాకు ఎంజైము కంటే ఆ మెత్తబరిచే భాగమే పెద్ద తలనొప్పిలా కనిపిస్తోంది.

ఆరబెట్టి తూకం వేస్తే 20 గ్రాములు 11 అయింది. దానిమీద ఎఫ్3 బ్రహ్మాండంగా పనిచేసింది. సంబరంగా మేడమ్‌కి శాతం చెప్పాను. "11 గ్రాముల మీద శాతమా, 20 మీదా?" అన్నారు. 11 మీద. "రైతు నీకు ఇచ్చింది 20" అన్నారు. పట్టిక మొత్తం మార్చాను. అంకెలు సగానికి దగ్గరగా పడ్డాయి.

ఫిబ్రవరి 8

ఎఫ్3 కి ఒక లోటు దొరికింది. ఈ కుటుంబానికే ఉన్న లోటు. బీటా గ్లూకోసిడేజ్ బయటికి తక్కువ వదులుతుంది. దాంతో సెల్లోబయోజ్ పోగుపడుతుంది, పోగుపడ్డ సెల్లోబయోజ్ తనని తయారు చేసే ఎంజైముకే అడ్డం పడుతుంది. కళ్లం నిండిపోతే కోత ఆగినట్టు.

డీఎన్ఎస్‌కి ఇది తెలియదు. గ్లూకోజ్‌కీ రంగు వస్తుంది, సెల్లోబయోజ్‌కీ వస్తుంది, గడ్డిలోని జైలోజ్‌కీ వస్తుంది. అందుకని రక్తపరీక్ష ల్యాబుల్లో షుగరు చూసే జీఓడీ-పీఓడీ కిట్ తెప్పించాను. అది గ్లూకోజ్‌ని మాత్రమే పట్టుకుంటుంది. సోడా గడ్డి 5 శాతం పెట్టి 24 గంటల తర్వాత చూస్తే, మొత్తం చక్కెరలు మి.లీ.కి 9 మి.గ్రా., అందులో గ్లూకోజ్ 3 మాత్రమే.

తోడు కావాలి. పుస్తకం ప్రకారం ఆస్పర్జిల్లస్ నైగర్. కల్చర్ బ్యాంకు నుంచి తెప్పించడానికి టైము లేదు. హాస్టల్ వంటింట్లో ఉల్లిపాయల బుట్ట గుర్తొచ్చింది. పైపొర మీద మసి రాసినట్టు ఉండే నల్ల బూజు సాధారణంగా ఆ కుటుంబమే. వంటావిడ "చెడిపోయినవి ఎందుకమ్మా, మంచివే తీసుకో" అంటూ ఉంటే నేను బాగా నల్లబడ్డవే ఏరుకున్నాను. మాస్కు పెట్టుకుని, హుడ్ కిందే తీశాను. ఆ విత్తులు ఊపిరితిత్తులకి మంచివి కావు.

ఎస్కులిన్ ప్లేటు మీద వేస్తే రెండో రోజుకి కాలనీ చుట్టూ మీడియం మొత్తం నల్లబడింది. బీటా గ్లూకోసిడేజ్ ఉందన్నమాట. దాన్ని గోధుమ తవుడు మీద పెంచి, తీసిన ద్రవం ఐదో వంతు కలిపాను. అదే గడ్డి, అదే 24 గంటలు. మొత్తం చక్కెర 14, గ్లూకోజ్ 9.

రెండు బూజులూ మా ఇళ్లలో పనికిరాదని పారేసేవాటి మీదివే.

ఫిబ్రవరి 24

ఎఫ్3 ఐటీఎస్ సీక్వెన్సు, అంటే బూజు ఏదో గుర్తుపట్టడానికి చదివే డీఎన్ఏ ముక్క, వచ్చింది. మూడు వారాలన్నవాళ్లు ఐదు వారాలు తీసుకున్నారు. కంప్యూటర్లో పోల్చి చూస్తే పైన పది వరసలూ ట్రైకోడెర్మానే, కానీ నాలుగు వేర్వేరు జాతుల పేర్లు, అన్నీ 99 శాతం పైనే. మొదటి వరసలో ఉన్న పేరు రాసేద్దామనిపించింది. ట్రైకోడెర్మాలో దగ్గరి జాతుల్ని విడదీయడానికి ఐటీఎస్ చాలదు, టెఫ్1 జన్యువు చదవాలి. దానికి మళ్లీ డబ్బు, టైము. రిపోర్టులో "ట్రైకోడెర్మా జాతి, ఎఫ్3" అని మాత్రమే ఉంటుంది. రూమ్మేట్ "పేరు లేకపోతే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఊరుకుంటారా?" అంది. తప్పు పేరు రాసి దొరికిపోతే అసలు ఊరుకోరు.

మార్చి 9

ఫిల్టర్ పేపరు యూనిట్, అంటే అసలు సెల్యులోజ్ మీద ఎంజైము బలం చెప్పే కొలత, చివరికి తీయగలిగాను. ఘోష్ 1987 పద్ధతిలో 50 మి.గ్రా. కాగితం ముక్క నుంచి గంటలో సరిగ్గా 2 మి.గ్రా. గ్లూకోజ్ రావాలి. ఎంత పలచన చేస్తే అంత వస్తుందో చూసి, దాని నుంచి వెనక్కి లెక్క. ఎంజైముని పలచన చేయకుండా వాడినా 2 రాకపోతే, అంటే మి.లీ.కి 0.37 కంటే తక్కువ ఉంటే, ఈ పద్ధతి చెల్లదు. డిసెంబరులో నా ద్రవాలన్నీ ఆ గీత కిందే ఉండేవి. సోడా గడ్డి, గోధుమ తవుడు కలిపి ఏడు రోజులు పెంచాక 0.6 వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ దగ్గరదగ్గరగా అంతే.

మార్చి 15

రిపోర్టు బైండింగ్‌కి ఇచ్చి ఇంటికి వచ్చాను. యాసంగి వరి పొట్ట మీద ఉంది. భోజనాల దగ్గర నాన్న అడిగాడు, "నీ మందు మన కొయ్యకాళ్లకి కొడితే ఎకరానికి ఎంత పడ్తది?"

ముందు చెప్పాల్సింది చెప్పాను. ఇది పొలంలో చల్లే సరుకు కాదు, జాతి కూడా తేలని బూజుని ఫ్లాస్కు దాటించకూడదు, మిగిలిన కల్చర్లన్నీ ఆటోక్లేవ్‌లో చంపే పారేశాం, రెండు స్లాంట్లు తప్ప. "చల్లమంటలే, లెక్క అడుగుతున్న" అన్నాడు.

సరే అని మిర్చి లెక్కల పుస్తకం వెనక పేజీలో వేశాను. ఎకరానికి గడ్డి రెండు టన్నులు అనుకుందాం. మూడో వంతు సెల్యులోజ్ అంటే దాదాపు 700 కిలోలు. సెల్యులోజ్ గ్రాముకి 15 ఫిల్టర్ పేపరు యూనిట్లు వేసుకుంటే మొత్తం 1 కోటీ 5 లక్షల యూనిట్లు. నా ద్రవంలో మి.లీ.కి 0.6. భాగిస్తే 17,500 లీటర్లు.

ఫ్యాక్టరీ రకాలు లీటరుకి 100 గ్రాముల పైన ప్రోటీన్ వదులుతాయి, వాటికీ నా ఎఫ్3 కీ పోలిక లేదు అని చెప్పబోతుంటే నాన్న ఆగమన్నాడు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు వేళ్ల మీద లెక్కపెట్టాడు. మూడున్నర.

"ఎకరానికి మూడున్నర ట్యాంకర్లా? అన్ని నీళ్లుంటే ఇంకో మడి నాటేయనా బిడ్డా" అని పెరుగన్నం కలుపుకున్నాడు.

చేయి కడుక్కుని వాము దగ్గరికి వెళ్లాను. పాత అడుగుని అమ్మ ఎప్పుడో ఎత్తి పెంటకుప్ప మీద వేయించింది. కింద మట్టి మాత్రం ఇంకా నల్లగానే ఉంది. జిప్ కవర్ తెచ్చుకోలేదు. నానమ్మ ఉప్పు ప్యాకెట్ కవర్ ఒకటి దులిపి ఇచ్చింది. ఉప్పు ఉన్న కవర్ పనికిరాదు నానమ్మా అంటే, కడిగి ఆరేసి మళ్లీ తెచ్చింది.